మాటల పోటీపై ప్రేక్షకుల మాట: ప్రసార భారతికి బహిరంగ లేఖ

ఆరంగ్, రాయ్‌పూర్ జిల్లా, ఛత్తీస్‌గఢ్

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, హైదరాబాద్, విజయవాడ దూరదర్శన్ కేంద్రాల అధిపతులకు,

టెలివిజన్‌లో దశాబ్దాల తరబడి నిలిచిన మాటల పోటీలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే. ఫ్రాన్స్‌లో 1965లో కేవలం మాటల ఆటగా మొదలై, 1972లో అంకెల ఆటను కూడా కలుపుకొని 2024 దాకా సాగింది 'దే షిఫ్ర్ ఎ దే లెత్ర్'. దాని నమూనాతో బ్రిటన్‌లో వచ్చినది 'కౌంట్‌డౌన్'. 1982 నవంబరు 2న చానెల్ 4 పుట్టినరోజున ఆ చానెల్ మొట్టమొదట చూపించిన కార్యక్రమం అదే, ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' 1975 జనవరిలో మొదలైంది. మన దేశంలో వీటికి దగ్గరగా వచ్చేది దూరదర్శన్ చందనలో 2002 జనవరి నుంచి డాక్టర్ నా. సోమేశ్వర నడుపుతున్న కన్నడ కార్యక్రమం 'థట్ అంత హేళి'. అది అచ్చంగా మాటల ఆట కాదు, క్విజ్. అయినా భాష చుట్టూ, పుస్తకం చుట్టూ తిరుగుతుంది. తెలుగు తెర మీద ఈ కోవలో అంతకాలం నిలిచిన పోటీ పేరు ఒకటి చెప్పమంటే తడుముకోవాల్సిందే.

ఈ కార్యక్రమాలపై ప్రేక్షకులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన అభిప్రాయాలను ఒకచోట చేర్చి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. సీరియల్ చూసేవారు కథ బాగుందనో బాగులేదనో అంటారు. మాటల పోటీ చూసేవారు తీర్పు సరైనదా కాదా అంటారు. వారు కూర్చున్నది సోఫాలోనే అయినా ఆడుతున్నది మాత్రం ఆటే. ముప్పై సెకన్ల గడియారం తెర మీద తిరుగుతుంటే ఇంట్లోవారు పోటీదారుడితో సమానంగా పెదవులు కదుపుతుంటారు. అందుకే వారి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆటగాడి ఫిర్యాదులు: నియమం ఏమిటి, దాన్ని ఎవరు చెప్పారు, నిన్న ఒప్పుకున్నది ఈరోజు ఎందుకు కాదన్నారు.

కౌంట్‌డౌన్ ఈ ప్రశ్నలను మొదటినుంచీ ఎలా ఎదుర్కొన్నదో చూడడం అవసరం. ఆట చాలా తేలిక. పోటీదారుడు అచ్చో హల్లో కోరుతూ తొమ్మిది అక్షరాలు తీయిస్తాడు. అరనిమిషంలో వాటితో వీలైనంత పెద్ద మాట కట్టాలి. అక్షరానికి ఒక పాయింటు. తొమ్మిదీ వాడితే పద్దెనిమిది. ఆఖర్లో తొమ్మిదక్షరాల చిక్కుమాట ఒకటి విప్పాలి. అసలు బలం తెర మూలన ఉన్న నిఘంటువు బల్లలో ఉంది. అక్కడ 1992 నుంచి నిఘంటుకారిణి సూజీ డెంట్ కూర్చుంటున్నారు. మాట చెల్లుతుందా లేదా అన్నది ఆమె ఇష్టం మీదో, యాంకర్ మొహమాటం మీదో ఆధారపడదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంటే ఉంది, లేకుంటే లేదు. 2014లో అచ్చు పుస్తకం నుంచి ఆన్‌లైన్ నిఘంటువుకు మారారు. చదువరులకు అది చిన్న మార్పు. ఆడేవారికి కాదు. అంతకుముందు చెల్లని మాటలు కొన్ని చెల్లడం మొదలైంది. ఇంట్లో పాత పుస్తకం పెట్టుకుని సరిచూసుకునేవారికి చేతిలో ఆధారం పోయింది. తీర్పరి పుస్తకం మారితే ప్రేక్షకుడికి ముందుగా తెలియాలన్న పాఠం ఇందులో ఉంది.

వీల్ ఆఫ్ ఫార్చ్యూన్‌లో తగాదా మరో రకం. అక్కడ దాచిన వాక్యాన్ని పోటీదారు పూర్తిగా, స్పష్టంగా పలకాలి. 2012 డిసెంబరులో ఒకామె క్రిస్మస్ పాటలోని ఈత కొట్టే హంసల వాక్యాన్ని సరిగ్గానే కనిపెట్టింది. కానీ తన ప్రాంతపు అలవాటు కొద్దీ చివరి హల్లును మింగి పలికింది. నిర్వాహకులు తప్పన్నారు. నియమం ప్రకారం వారిది సరైనదే. చూసినవారు మాత్రం రెండుగా చీలిపోయారు. ఆమె మాట అర్థమైందిగా, యాసను శిక్షిస్తారా అన్నవారు ఒకవైపు. నియమం అందరికీ ఒకటేగా అన్నవారు మరోవైపు. తెలుగులో ఇలాంటి పోటీ పెడితే మొదటి వారంలోనే ఈ గొడవ వస్తుందని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. శ్రీకాకుళం మనిషి 'వస్తన్నాను' అంటాడు, కరీంనగర్ మనిషి 'వస్తున్న' అంటాడు. ఏది ఒప్పుకుంటారో, ఎందుకు ఒప్పుకుంటారో కార్యక్రమం మొదలవకముందే రాసిపెట్టకపోతే, ఇచ్చిన ప్రతి తీర్పూ ఒక జిల్లాకు అవమానంగా తయారవుతుంది.

పోటీదారులను ఎగతాళి చేసే అభిప్రాయాలకూ కొదవ లేదు. 2022 మార్చిలో అదే అమెరికా పోటీలో ముగ్గురు పోటీదారులు దాదాపు అన్ని అక్షరాలూ తెరుచుకున్న ఒక జాతీయాన్ని వరసగా తప్పు చెబుతూ పోయారు. చూసినవారు సామాజిక మాధ్యమాల్లో వారిని ఆడిపోసుకున్నారు. అప్పటి నిర్వాహకుడు పాట్ సేజాక్ పోటీదారుల పక్షాన నిలబడి, దీపాల వెలుగులో ఆడడం వేరు, ఇంట్లో ఆడడం వేరని జవాబిచ్చారు. నిర్వాహకుడు ప్రేక్షకుడి మాటకు జవాబివ్వడం అన్నది మామూలుగా జరిగేది కాదు. సేజాక్ 1981 నుంచి 2024 జూన్ దాకా ఆ కుర్చీలో ఉన్నారు కాబట్టి ఆయన మాటకు ఆ బరువు వచ్చింది.

కుర్చీలో మనిషి మారడమన్నది ప్రేక్షకులు ఎక్కువగా మాట్లాడే మరో విషయం. కౌంట్‌డౌన్‌లో రిచర్డ్ వైట్లీ 1982 నుంచి 2005లో మరణించేదాకా ఉన్నారు. ఆయన జోకులు పేలవంగా ఉంటాయని చూసేవారు ఎప్పుడూ అనేవారు. ఆయన పోయాక అవే లేవని బెంగపడ్డారు. ఆ తర్వాత ఆ కుర్చీ చాలా చేతులు మారింది. ఫ్రాన్స్‌లో 2022లో 'దే షిఫ్ర్ ఎ దే లెత్ర్'ను వారాంతాలకు కుదించినప్పుడు, దశాబ్దాల నుంచి తీర్పులు చెబుతున్న బెర్ట్రాండ్ రెనార్, ఆరియెల్ బులాన్-ప్రా తప్పుకున్నారు. రెండేళ్లలో కార్యక్రమమే ఆగిపోయింది. ఈ రెంటికీ కార్యకారణం ఉందని గట్టిగా అనలేం. అలవాటుగా రోజూ ఒక వేళకు వచ్చేది వారానికి రెండు రోజులకు తగ్గితే ఇంటి దినచర్యలో దాని చోటు ఊడిపోతుందని మాత్రం అనవచ్చు. బ్రిటన్‌లోనూ అంతే. 2003లో కౌంట్‌డౌన్‌ను సాయంత్రం నుంచి మూడుంబావుకు జరిపినప్పుడు బడి పిల్లలకూ, పని నుంచి వచ్చేవారికీ అది దొరకకుండా పోయిందని వచ్చిన ఫిర్యాదులు తక్కువేమీ కాదు. 2001లో అరగంట ఆటను ముప్పావుగంటకు పెంచి రౌండ్లను పదిహేను చేయడం కూడా అందరికీ నచ్చలేదు.

బహుమతి విషయంలో ప్రేక్షకులు అంత పట్టింపు చూపరు. నిర్మాతలకు ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. కౌంట్‌డౌన్ గెలిచినవారికి దక్కే ప్రసిద్ధ బహుమతి ఒక టీపాట్. థట్ అంత హేళిలో సరైన జవాబుకు పుస్తకం ఇస్తారు. లక్షలు లేవు, కార్లు లేవు. అయినా అది ఇరవై ఏళ్లు దాటి నడిచింది. డబ్బు లేకపోతే జనం చూడరన్న మాట ఇక్కడ నిలవదు.

ప్రేక్షకుల అభిప్రాయాన్ని పట్టించుకోవడం ప్రసార భారతికి కొత్త విద్యేమీ కాదు, ఆరంగ్ ఉన్న ఈ జిల్లాకైతే అసలే కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ పంపిన 'సైట్' ప్రయోగంలో అప్పటి మధ్యప్రదేశ్‌కు చెందిన రాయ్‌పూర్ జిల్లా కూడా ఉంది. అదే ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెలుగు కార్యక్రమాలు వెళ్లాయి. పంచాయతీ ఆఫీసు ముందో బడి ముందో పెట్టిన ఒక్క టీవీ చుట్టూ ఊరంతా కూర్చునేది. సామాజిక పరిశోధకులు ఆ పల్లెల్లోనే ఉండి ఏది అర్థమైంది, ఏది కాలేదు, ఎవరు మధ్యలో లేచి వెళ్లారు అని రాసుకున్నారు. ప్రేక్షకుడి స్పందనను కార్యక్రమం తయారుచేసేవారికి చేరవేయాలన్న ఆలోచన మన దేశంలో అంత పెద్ద ఎత్తున అమలైంది అప్పుడే. ప్రయోగం ముగిసిన మరుసటి ఏడు, 1977లో, రాయ్‌పూర్‌కూ హైదరాబాద్‌కూ ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. హైదరాబాద్ దూరదర్శన్ పుట్టినరోజు 1977 అక్టోబరు 23. తెలుగువారి టీవీకీ రాయ్‌పూర్ టీవీకీ మూలం ఒకే ప్రయోగం.

తర్వాతి కాలంలో 'సురభి' వచ్చింది. సిద్ధార్థ్ కాక్, రేణుకా శహాణే నడిపిన ఆ కార్యక్రమంలో చివర అడిగే ప్రశ్నకు ఒక్క వారంలోనే 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చిన సందర్భం ఉంది. పదిహేను పైసల పోస్టుకార్డు మీద ఇంత భారం మోయలేక తపాలా శాఖ పోటీల కోసం రెండు రూపాయల ప్రత్యేక కార్డు తెచ్చింది. ఒక టీవీ ప్రశ్నకు తపాలా శాఖే కొత్త కార్డు వేయాల్సి రావడం చిన్న సంగతి కాదు. ఆ ఉత్తరాల్లో జవాబు ఎంత ఉందో అభిప్రాయమూ అంతే ఉండేది. ఇప్పుడు బార్క్ రేటింగులు వచ్చాయి. ఏ ఇంట్లో ఏ చానెల్ ఎన్ని నిమిషాలు ఆడిందో అవి చెబుతాయి. ఆ ఇంట్లో అమ్మమ్మ తీర్పును ఒప్పుకుందో, తిట్టిందో చెప్పవు.

తెలుగులో మాటల పోటీ అంటే ఇంగ్లీషు నమూనాను ఉన్నపళాన తెచ్చిపెట్టుకోవడం కుదరదు. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు. ఏది తీసినా మరో దానితో అతుక్కుంటుంది. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం అంటే హల్లు, గుణింతం, ఒత్తు అన్నీ కలిసిన మొత్తం. శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు కట్టిన గళ్ల నుడికట్లు చేసినవారికి ఇది అలవాటే: లక్ష్మి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. అందువల్ల పోటీదారు అచ్చో హల్లో కోరడం కాకుండా, తలకట్టు అక్షరం ఒకటి, గుణింతం ఒకటి, ఒత్తక్షరం ఒకటి అంటూ మూడు పెట్టెల్లోంచి కోరుకోవాలి. అప్పుడే ఆటలో ఎంపిక ఉంటుంది.

ఒక బల్ల ఊహించుకుంటే చిక్కులు ఎక్కడ వస్తాయో తెలుస్తుంది. తీసిన అక్షరాలు ఇవి అనుకుందాం: క, ల, వ, ర, ప, డు, ట, మ, న. ఒక పోటీదారు 'కనపడు' అంటాడు, నాలుగు అక్షరాలు. రెండో ఆమె 'కలవరపడు' అంటుంది, ఆరు. ఈలోగా ఇంట్లో చూస్తున్న రిటైరైన మాస్టారు 'కలవరపడుట' అంటారు, ఏడు. నిఘంటువులు క్రియను 'పడు' రూపంతోనే ఇస్తాయి; 'పడుట' అన్నది వ్యాకరణం తయారుచేసే రూపం. దాన్ని ఒప్పుకుంటే ప్రతి క్రియకూ 'ట' తగిలించి ఒక పాయింటు కొట్టేయొచ్చు. ఒప్పుకోకపోతే ఆ మాస్టారు మరునాడు ఉత్తరం రాస్తారు. రెండూ మంచివే. కానీ ఏ రోజు ఏ తీర్పో తెలియకపోతేనే ఆట చెడుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు మువర్ణంతో ఉంది. పాత నిఘంటువుల్లో 'పుస్తకము' ఉంటుంది, నాలుగు అక్షరాలు. ఈరోజు రాసేది 'పుస్తకం', మూడు. గ్రాంథిక రూపం చెప్పినవారికి అదనంగా పాయింటు ఇస్తే, వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పట్టిన పట్టు టీవీ ఆటలో ఓడిపోయినట్టే. అలాగని 'ము' రూపాన్ని తోసేస్తే నిఘంటువులో ఉన్న మాటను కాదన్నట్టవుతుంది. మఱి, మరి, శకటరేఫ సంగతీ ఇంతే. సమాసాలకైతే అంతే లేదు. సంధి కలిపి ఎంత పొడుగైనా చేయగల భాషలో, పెద్ద మాట కట్టడం అన్న ఆటకు హద్దు ఎక్కడో ముందే గీయాలి. సమాసం విడిగా నిఘంటువులో పదంగా ఉంటేనే చెల్లుతుందన్నది కొంత న్యాయమైన హద్దు.

ఏ నిఘంటువు అన్నది అసలు ప్రశ్న. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. సూర్యరాయాంధ్ర నిఘంటువు పెద్దది, అయినా పాతదే. వీటిలో బస్సు, సెల్‌ఫోన్, రేషన్ కార్డు దొరకవు; అవి లేకుండా ఈరోజు ఏ తెలుగు ఇల్లూ గడవదు. మరోవైపు భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. దాని మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. రైతులు, నేతగాళ్లు ఏ జిల్లాలో ఏ మాట అంటారో అందులో ఉంది. ఆనపకాయా, సొరకాయా, ఆనిగెపుకాయా అన్న వాదన ఆ తరహా కోశం ముందు నిలవదు, మూడూ మాటలే. ఈ పుస్తకాలన్నిటినీ కలిపి, వాడుకలో ఉన్న కొత్త మాటల పట్టిక ఒకటి చేర్చి, ఆట కోసం ఒక అధికారిక పదపట్టిక తయారుచేయించడం తెలుగు విశ్వవిద్యాలయానికి చేతనైన పనే. అది అచ్చయి, పీడీఎఫ్‌గా అందరికీ దొరకాలి. ఏడాదికి ఒకసారి, తేదీ చెప్పి మాత్రమే మార్చాలి.

నియమం ముందే తెలిసిన ఆటను కళ్లప్పగించి చూడడం తెలుగు ప్రేక్షకుడికి టీవీ నేర్పింది కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని పద్యంలో ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అక్కడికక్కడే నిషేధిస్తాడు. సభలో ఉన్నవారంతా ఆ అడ్డును వింటారు, అవధాని దాన్ని తప్పించుకున్నాడో లేదో వారికే తెలుస్తుంది. అక్కడ చప్పట్లు కొట్టేది తీర్పు ఇవ్వడానికి. ఆకాశవాణి సమస్యాపూరణం కార్యక్రమానికి శ్రోతలు పోస్టులో పూరణలు పంపి, తమ పద్యం చదివారా లేదా అని రేడియో దగ్గర కూర్చునేవారు. ఈ జనానికి మాటల పోటీ పెట్టడమంటే వారు ఎప్పుడో నేర్చిన ఆటను మళ్లీ తెర మీదికి తేవడమే.

ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగువారికి ఇందులో మరో లెక్క ఉంది. రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి రాకపోకలు తేలికయ్యాయి. ఆరంగ్ మహానది స్టేషను ఆ దారిలోనే ఉంది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారం కొలిమి వెలిగాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మరీ ఎక్కువ. ఆ ఇళ్లలో మూడో తరం పిల్లలు తెలుగు మాట్లాడతారు. బళ్లో దేవనాగరి నేర్చుకుంటారు కాబట్టి తెలుగు అక్షరం మాత్రం చదవలేరు. తెర మీద తొమ్మిది అక్షరాలు పెద్దవిగా కనిపిస్తూ, ఒక్కొక్కటీ పైకి పలికి తీసే ఆట ఆ పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చేయలేని పని చేస్తుంది. దూరదర్శన్ తెలుగు చానెళ్లు సప్తగిరి, యాదగిరి డీడీ ఫ్రీ డిష్‌లో దేశమంతటా వస్తాయి. 2024 నవంబరులో మొదలైన ప్రసార భారతి ఓటీటీ 'వేవ్స్'లో తర్వాత చూసుకోవచ్చు. చేరవేసే దారి సిద్ధంగా ఉంది. పంపాల్సిన కార్యక్రమమే లేదు.

కార్యక్రమం వస్తే నడవాల్సిన తీరు ప్రేక్షకుల పాత ఫిర్యాదుల్లోనే రాసి ఉంది. వేళ మారకూడదు: సాయంత్రం ఏడు ప్రాంతంలో, వారానికి ఐదు రోజులు, అరగంట. క్రికెట్ మ్యాచ్ వచ్చినా, నాయకుల ప్రసంగం వచ్చినా ఆ రోజు ఎపిసోడ్ రద్దు కాకుండా మరో చానెల్‌లో అదే వేళకు రావాలి. యాంకర్ పేరున్న నటుడు కానక్కర్లేదు. తెలుగు అక్షరాలను తప్పు లేకుండా పలకాలి, ళ-ల, ణ-న తేడా తెలియాలి. నిఘంటువు బల్ల దగ్గర కూర్చునేవారు యాంకర్ కంటే ఎక్కువ కాలం ఉండేలా చూడాలి. వారంలో ఐదో రోజు చివరి ఐదు నిమిషాలు ప్రేక్షకుల ఉత్తరాలకు కేటాయించాలి. ఇవి పొగడ్తల ఉత్తరాలు కాదు, తీర్పులపై అభ్యంతరాలు. అభ్యంతరం సరైనదైతే పాయింట్లు సరిచేసినట్టు తెర మీదే చెప్పాలి. పోటీదారుల్లో కనీసం నాలుగో వంతు రెండు తెలుగు రాష్ట్రాల బయటివారు ఉండాలి: భిలాయి, ఖరగ్‌పూర్, బెంగళూరు, చెన్నై, షోలాపూర్ నుంచి. స్టూడియోకు రాలేనివారిని దగ్గరి దూరదర్శన్ కేంద్రానికి పిలిచి అక్కడి నుంచే ఆడించవచ్చు. రాయ్‌పూర్‌లో కేంద్రం ఉంది. బహుమతి పుస్తకాలైతే చాలు, వాటిలో ఒకటి నిఘంటువు కావాలి.

ఖర్చు గురించి అభ్యంతరం వస్తే, ఈ ఆటకు కావలసింది ఒక బల్ల, అక్షరాల పలకలు, గడియారం, ఇద్దరు ముగ్గురు చదువుకున్న మనుషులు. 2002 నుంచి బెంగళూరు కేంద్రం పుస్తకాలు పంచుతూ నడిపిన కార్యక్రమం లెక్కలు సంస్థ దగ్గరే ఉన్నాయి. ముందు ఆరు నెలలు ప్రయోగంగా నడిపి, వచ్చిన ఉత్తరాలను, ఫోన్లను ఎవరైనా చదివేలా ప్రకటించి, ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది తేల్చవచ్చు. ఆ ఆరు నెలలకూ పదపట్టిక ఏ పుస్తకాల నుంచి తీసుకున్నదీ, ఎవరి సంతకంతో మారుతుందీ మొదటి ఎపిసోడ్‌కు ముందే సప్తగిరి, యాదగిరి రెండు చానెళ్లలోనూ చెప్పాలని ఈ లేఖ కోరుతోంది.

ఇట్లు,
ఒక తెలుగు ప్రేక్షకుడు,
ఆరంగ్